పిల్లలతో కలిసి చూసే సినిమాలు ఎలా ఎంచుకోవాలి? పదిహేనేళ్ల శనివారాల అనుభవం నుంచి ఒక సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది: ఇంట్లో ఏడేళ్ల పాప, పదకొండేళ్ల బాబు ఉన్నారు. సెలవుల్లో వారానికొక సినిమా నలుగురూ కలిసి చూడాలనుకున్నారు. మొదటి వారమే 'ఈగ' పెడితే అరగంట గడిచేసరికి పాప ఏడుస్తూ పక్క గదిలోకి వెళ్లిపోయింది, బాబు మాత్రం చివరిదాకా పడీ పడీ నవ్వుతూ చూశాడు. ఇద్దరికీ సరిపడే సినిమాలు ఏవి, ఏ వయసుకు ఏది తగునో ముందే తేల్చుకోవడం ఎలాగన్నది మీ సందేహం.

నేను సినిమా విమర్శకురాలిని కాను, మనస్తత్వ శాస్త్రం చదువుకున్నదాన్ని కూడా కాను. ఇద్దరు పిల్లల తల్లిని. మా అమ్మాయికి ఇప్పుడు ఇరవై ఒకటి, అబ్బాయికి పదిహేడు. అమ్మాయికి ఐదేళ్లున్నప్పుడు మొదలైన శనివారం రాత్రి సినిమా, పరీక్షల వారాలు మినహా, పదిహేనేళ్లపాటు మా ఇంట్లో సాగింది. మా అపార్ట్‌మెంట్‌లోని పిల్లలు నలుగురైదుగురు దుప్పట్లు తెచ్చుకుని మరీ వచ్చి కూర్చునేవారు కాబట్టి, నేను చెప్పబోయేది మా ఇద్దరిని చూసి మాత్రమే చెబుతున్నది కాదు. ఇన్నేళ్లూ నేను తెరను చూసినదానికంటే ఆ పిల్లల ముఖాలను చూసిందే ఎక్కువ.

ముందుగా మీ పాప విషయం. 'ఈగ' 2012లో విడుదలైనప్పుడు మా అమ్మాయికీ సరిగ్గా ఏడేళ్లే. మేము థియేటర్లో చూశాం. నాని పాత్రను చంపే దృశ్యంలో తనూ నా భుజంలో ముఖం దాచుకుంది. పగబట్టిన ఈగ, కాలిపోయే మనిషి, పేలుళ్లు ఇవేవీ తనను భయపెట్టలేదు. ఇంటికి వచ్చాక అడిగిన ప్రశ్న ఒక్కటే: "అతను చనిపోయాడని ఆ అక్కకి ఎవరూ ఎందుకు చెప్పలేదు?" ఇష్టమైన మనిషి ఇక రాడని తెలియక ఒకరు ఎదురుచూస్తూ ఉండటమే తనను కలచివేసింది. ఆ తరువాత నెల రోజులపాటు మా ఇంట్లో ఈగను కొట్టనివ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

పెద్దవాళ్లం మనం సినిమాను రక్తంతోనూ, ముద్దులతోనూ, తిట్లతోనూ కొలుస్తాం. సెన్సార్ సర్టిఫికెట్టు కొలతలో కూడా ప్రధానంగా అవే ఉంటాయి. పదేళ్లలోపు పిల్లలు వేరే త్రాసుతో తూస్తారు. అమ్మ ఉందా, నాన్న ఉన్నాడా, ఇల్లు నిలబడిందా, పిల్లవాడు ఒంటరిగా మిగిలిపోయాడా అన్నవే వాళ్ల లెక్కలు. ఇది నాకు బాగా అర్థమైంది 1967 నాటి 'భక్త ప్రహ్లాద' చూస్తున్నప్పుడు. ప్రహ్లాదుడిని ఏనుగులతో తొక్కించడం, పాములతో కరిపించడం, కొండ మీదనుంచి తోయించడం వరుసగా వస్తుంటే, చిన్నపిల్లలు బెదిరిపోతారేమోనని రిమోట్ చేతిలో పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. ఎవరూ బెదరలేదు. చిన్నారి రోజారమణి నవ్వుతూ నారాయణ నామం పలుకుతుంటే వాళ్లకు ధైర్యంగానే ఉంది. కానీ ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడిగా కొడుకును చంపమని ఆజ్ఞ ఇచ్చిన క్షణంలో మా అబ్బాయి తల తిప్పి వాళ్ల నాన్న వైపు చూశాడు. ఏమీ అనలేదు, కాస్త దగ్గరగా జరిగి కూర్చున్నాడు, అంతే.

'లవకుశ' సంగతీ అంతే. 1963లో వచ్చిన ఈ సినిమా తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం. పాటలూ పద్యాలూ నేటికీ ఇంటిల్లిపాదీ విని ఆనందించదగ్గవే, లవకుశులు గానం చేసే ఘట్టాలకు మా అపార్ట్‌మెంట్ పిల్లలు గొంతు కలిపిన రోజులూ ఉన్నాయి. అయితే చివర సీత భూమిలోకి వెళ్లిపోయే దృశ్యం ఏడెనిమిదేళ్ల పిల్లలకు పురాణంలా కనిపించదు. కన్నతల్లి ఇద్దరు పిల్లలనూ వదిలిపెట్టి వెళ్లిపోయిందన్నదే వారికి మిగులుతుంది. ఆ రాత్రి మా అమ్మాయి నా చీర కొంగు పట్టుకుని పడుకుంది. మా అమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉండేది, "మేమంతా చిన్నప్పుడే చూశాం, ఏమైంది మాకు?" అని నన్ను మందలించింది. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే వాళ్ల రోజుల్లో ఆ కథ సినిమా కంటే ముందే హరికథలోనూ, అమ్మమ్మ నోటా విని ఉండేవారు, సీత ఎక్కడికి వెళుతుందో తెలిసే థియేటర్లో కూర్చునేవారు. మన పిల్లలు చాలామంది ఆ కథను మొదటిసారి తెర మీదే కలుసుకుంటున్నారు. అందుచేత పురాణ చిత్రం ఏదైనా సరే, రెండు రోజుల ముందే అన్నం తినిపిస్తూ కథ మొత్తం, ముగింపుతో సహా, చెప్పేయమని నా సలహా. కథ తెలిస్తే ఆసక్తి చచ్చిపోతుందని భయపడనవసరం లేదు. పిల్లలు తెలిసిన కథనే వందోసారి అడుగుతారు.

ఇప్పుడు నేను ఎవరికైనా కళ్లు మూసుకుని చెప్పగల సినిమా గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, విసుగు చెందకండి. 1957 నాటి 'మాయాబజార్' మూడు గంటల పైచిలుకు నిడివి. రంగులు అద్ది 2010లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఐదేళ్ల మా అమ్మాయిని థియేటర్‌కు తీసుకెళ్లాను. విశ్రాంతి తరువాత నిద్రపోయింది. తప్పు సినిమాది కాదు, నాది. అబ్బాయికి ఆరేళ్లు వచ్చాక అదే సినిమాను ఇంట్లో మూడు రాత్రులుగా విడదీసి చూపించాను. అడవిలో ఘటోత్కచుడు ప్రత్యక్షమయ్యేదాకా మొదటి రాత్రి, నిద్రపోతున్న శశిరేఖను మంచంతో సహా ఎత్తుకుపోయేదాకా రెండో రాత్రి, మిగిలినదంతా మూడో రాత్రి. మూడో రోజు సాయంత్రం ఐదింటికే అపార్ట్‌మెంట్ పిల్లలంతా మా గుమ్మం ముందు చేరారు.

ఈ సినిమా పిల్లలకు అంతగా ఎందుకు నచ్చుతుందో చాలాసార్లు ఆలోచించాను. లడ్డూలు గాలిలో ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడటం, మార్కస్ బార్‌ట్లీ కెమెరా పనితనం, ఇవి ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం పింగళి నాగేంద్రరావు మాటలని నాకు అనిపిస్తుంది. ఘటోత్కచుడి శిష్యులకు ఒత్తులు పలకవు. దుష్ట చతుష్టయం వాళ్ల నోట 'దుషట చతుషటయం' అవుతుంది, అస్మదీయులు 'అసమదీయులు' అవుతారు, దానికి వ్యతిరేకంగా 'తసమదీయులు' పుట్టుకొస్తారు. ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు ఒత్తులతో కుస్తీ పడుతున్న మా అబ్బాయికి, తనలాగే పలకలేక తంటాలు పడే రాక్షసులు తెర మీద కనబడేసరికి కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మర్నాటి నుంచి మా ఇంట్లో తిన్న కంచం కడిగిన వారికి, ఆ సినిమాలోలాగా మెచ్చుకోలుగా మెడలో వీరతాడు వేయడం మొదలైంది. ఎవరు తెరిస్తే వారికి ప్రియమైనది కనిపించే ప్రియదర్శిని పెట్టెలో శశిరేఖ, అభిమన్యుడు ఒకరినొకరు చూసుకుంటూ పాడుకునే పాట వచ్చినప్పుడు మావాడు చాలా మామూలుగా, "వీడియో కాల్" అని పక్కవాడికి వివరించాడు. ఆ పెట్టె తెరిస్తే నాకేం కనిపిస్తుందమ్మా అని పడుకోబోయే ముందు అడిగాడు. నేను కనబడతానేమో అని ఆశపడ్డాను. సైకిల్ కనబడుతుందని తనే తేల్చాడు.

నేను పైన చెప్పిన త్రాసులోనూ ఈ సినిమా తూగుతుంది. తల్లిదండ్రులెవరూ చనిపోరు, అడవిలోకి వెళ్లిన తల్లీకొడుకులు కలిసే ఉంటారు, అందరికంటే భయంకరంగా కనిపించే రాక్షసుడు అందరికంటే ఆప్తుడైన అన్నయ్య అవుతాడు. అన్నట్టు, పాండవుల మేలు కోరి ఇంత కథ నడిచినా పాండవులు మాత్రం సినిమాలో ఎక్కడా కనిపించరు. మీ బాబుకు ముందుగా చెప్పకుండా, చివర "ధర్మరాజు ఎక్కడున్నాడు?" అని అడిగి చూడండి, పదకొండేళ్ల వాడికి మంచి పొడుపుకథ.

హాస్యం గురించి ఒక మాట. దీనిమీద తల్లిదండ్రులు ఎవరూ అంతగా దృష్టి పెట్టరు. నా అనుభవంలో పోరాటాలు చూసి పిల్లలు చెడిపోయింది తక్కువ, హాస్య సన్నివేశాలు చూసి అలవాటు చేసుకున్నది ఎక్కువ. మన సినిమాల్లో చాలాకాలంగా హాస్యమంటే ఒకరి లావునో, నలుపునో, నత్తినో, బట్టతలనో ఎగతాళి చేయడం, పక్కనున్నవాడి చెంప ఛెళ్లుమనిపించడం. మావాడికి తొమ్మిదేళ్లప్పుడు సెలవులకు వచ్చిన వాళ్ల బాబాయి కొడుకును మాట మాటకీ నెత్తిమీద కొట్టడం మొదలుపెట్టాడు. ఎందుకలా అంటే, "నవ్వొస్తుంది కదా" అన్నాడు. ఆ వారం చూసిన సినిమాకు అందరూ చూడవచ్చనే 'యూ' సర్టిఫికెట్టే ఉంది. కథానాయకుడు ఒక అమ్మాయిని ఊరంతా వెంటపడి వేధిస్తే అది ప్రేమగా చెల్లిపోయే సినిమాలు కూడా 'యూ'తోనే వచ్చాయి. పదకొండేళ్ల బాబు ఉన్న ఇంట్లో నెత్తుటి దృశ్యానికంటే ఈ రెండో రకం దృశ్యం వచ్చినప్పుడే మీరు నోరు విప్పాలి. ఉపన్యాసం అక్కర్లేదు. "మన వీధిలో ఎవరైనా మీ చెల్లి వెనకాల అలా తిరిగితే?" అని ఒక్క ప్రశ్న చాలు. 'మాయాబజార్'లో రేలంగి లక్ష్మణ కుమారుణ్ణి చూసి పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు, కానీ ఆ నవ్వు అతని ప్రగల్భాల మీద పుట్టింది, రూపం మీద కాదు. ఈ తేడాను పిల్లలకు చెప్పనక్కరలేదు గానీ ఎంచుకునే మనకు తెలిసి ఉండాలి.

సర్టిఫికెట్టు మాట వచ్చింది కాబట్టి దాన్ని కూడా ముగిస్తాను. ఒకప్పుడు 'యూ/ఏ' అని ఒకే గుర్తు ఉండేది. 2024లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం దాన్ని ఏడేళ్లు పైబడినవారికి, పదమూడేళ్లు పైబడినవారికి, పదహారేళ్లు పైబడినవారికి అని మూడుగా విడదీశారు. ఓటీటీల్లో ఈ వయసుల వారీ విభజన 2021 నుంచే ఉంది. ఈ గుర్తుకు అర్థం తల్లిదండ్రులు ఆలోచించి నిర్ణయించుకోవాలని మాత్రమే. 'ఏ' గుర్తులాగా అది నిషేధం కాదు. అందుచేత పదమూడు అన్న అంకె కనబడితే మీ బాబుకు చూపించకూడదని గానీ, ఏడు అన్న అంకె కనబడితే పాపకు నిశ్చింతగా పెట్టేయవచ్చని గానీ అనుకోకండి. మొదటి అరగంటా, చివరి అరగంటా మీరొక్కరే ముందు రోజు చూసిపెట్టుకుంటే ఆ అంకెలకంటే ఎక్కువే తెలుస్తుంది.

పిల్లలు నటించిన సినిమా అంతా పిల్లల సినిమా అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. నేనూ చేశాను. కె. విశ్వనాథ్ 'స్వాతికిరణం' 1992లో వచ్చింది. అద్భుతమైన సంగీతం, మధ్యలో చక్కటి పిల్లవాడు. పాట నేర్చుకుంటున్న మా అమ్మాయికి బాగుంటుందని తొమ్మిదేళ్లకే చూపించాను. గురువు అసూయను భరించలేక ఆ పిల్లవాడు ప్రాణం తీసుకునే కథ అది; చిన్నప్పుడు చూసిన నాకు పాటలే గుర్తున్నాయి తప్ప ఆ ముగింపు ఎంత బరువైనదో గుర్తు లేదు. రెండు వారాలపాటు సంగీతం క్లాసుకు వెళ్లనంది. ఆ సినిమా గొప్పదే, పదిహేనేళ్లు దాటాక మళ్లీ చూసి తనే నాతో గంటసేపు వాదించింది కూడా. 1972 నాటి 'పాపం పసివాడు' కూడా ఈ కోవలోకే వస్తుంది. ఎడారిలో తప్పిపోయి అమ్మానాన్నల కోసం ఏడ్చే పిల్లవాణ్ణి మా తరం కన్నీళ్లు తుడుచుకుంటూ చూసింది. మీ పాపకు ఇప్పట్లో వద్దు.

కార్టూన్లు, బొమ్మల సినిమాలు అనగానే నిశ్చింతగా వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోవడం మరొక పొరపాటు. 'ఫైండింగ్ నీమో' మొదలైన ఐదు నిమిషాలకే తల్లి చేప పోతుంది. 'లయన్ కింగ్'లో తండ్రి సింహం మరణం కొడుకు కళ్లముందే జరుగుతుంది. 2025లో వచ్చిన 'మహావతార్ నరసింహ'కు ఎనిమిదేళ్ల మా మేనల్లుణ్ణి తీసుకెళ్లాను. భక్తి ఘట్టాలన్నీ కళ్లు పెద్దవి చేసుకుని చూసినవాడు, చివర నరసింహస్వామి ఉగ్రరూపం తెర నిండా, చెవులు అదిరే శబ్దంతో వచ్చేసరికి నా చెయ్యి వదల్లేదు. బాగున్న సినిమాయే, పదేళ్లు నిండినవారికి చూపించవచ్చు, చిన్నవాళ్లకైతే ఇంట్లో శబ్దం తగ్గించి చూపించడం నయం. డబ్బింగుల గురించి మాత్రం మంచి మాటే చెబుతాను. 2019 నాటి 'లయన్ కింగ్' తెలుగులో పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారు. అసలు ఇంగ్లీషులోనే చూస్తానని మొండికేసిన మావాడు పది నిమిషాల్లో దారికొచ్చాడు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు తన పిల్లల చేత తెలుగు పలికించడానికి ఇలాంటి డబ్బింగు సినిమాలనే వాడుతోంది.

తెలుగు దాటి వెళ్లగలిగితే రెండు సినిమాలు తప్పక చూపించండి. జపానులో మియజాకి 1988లో తీసిన 'మై నైబర్ టొటోరో' ఒకటి. అందులో విలన్ లేడు. సగం సినిమా అయ్యాక మా అపార్ట్‌మెంట్ పిల్లవాడొకడు "ఆంటీ, విలన్ ఎప్పుడొస్తాడు?" అని గాబరాగా అడిగాడు. ఆసుపత్రిలో ఉన్న అమ్మ గురించి ఇద్దరు అక్కచెల్లెళ్లు పడే బెంగ మాత్రం ఉంటుంది, కానీ అమ్మ క్షేమంగానే ఉంటుందని పాపకు ముందే చెవిలో చెప్పండి. రెండోది ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న, ఇంట్లో చెప్పకుండా ఒకే జత బూట్లను ఇద్దరూ మార్చి మార్చి వేసుకుని బడికి పరుగెత్తడం కథ. భాష పారశీకం కాబట్టి కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను నేనే గబగబా తెలుగులో చెప్పేదాన్ని, హరికథ దాసరిలాగా, పాత్రకొక గొంతుతో. గొంతు పోయింది గానీ పిల్లలకు అదే ఎక్కువ నచ్చింది. పరుగు పందెంలో మూడో బహుమతి బూట్ల జత. అన్న దానికోసం పరుగెత్తి పొరపాటున మొదటి స్థానంలో వస్తాడు. ఫస్ట్ వచ్చి ఏడుస్తాడేమిటని పెద్దపిల్లలు నవ్వబోయారు. ఏడేళ్ల మావాడు నవ్వలేదు. అంతేకాదు, చివర్లో తండ్రి సైకిల్ మీద కొత్త బూట్లు కనిపిస్తాయని, అవి నేను గమనించనే లేదని, మళ్లీ వెనక్కి తిప్పించి చూపించాడు. మీ ఇద్దరు పిల్లల మధ్య నాలుగేళ్ల తేడా ఉంది కాబట్టి, ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టగల సినిమా నాకు తెలిసినంతలో ఇదే.

మీ బాబుకు సైన్సు ఇష్టమైతే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' పెట్టండి. 1991 నాటి సినిమా అయినా శ్రీకృష్ణదేవరాయల కొలువు నుంచి 2504వ సంవత్సరానికి వెళ్లే కాలయంత్రం ముందు వాడు సెల్‌ఫోన్ మరిచిపోతాడు. మధ్యలో ఒకటి రెండు పాటలు మాత్రం ముందుకు తోసేయవలసి వస్తుంది. 'పాతాళ భైరవి' మాంత్రికుడు ఇద్దరికీ నచ్చుతాడు. విడుదలైన మొదటి రోజు తెల్లవారుజాము ఆటలకూ, ముందు రాత్రి ప్రీమియర్లకూ పిల్లలను తీసుకెళ్లవద్దు. అది ఏ సినిమా అన్నదానితో సంబంధం లేదు, ఆ జనసమ్మర్దం పిల్లలకు తగదు. 2024 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన తొక్కిసలాట తరువాత దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

చివరిగా మళ్లీ మీ పాప దగ్గరకే వస్తాను. తను లేచి వెళ్లిపోయిందని సినిమా ఆపలేదన్నారు, మిగిలినవారు చూసేశారన్నారు. అంటే ఆ కథ మీ బాబు మనసులో ఈగ గెలవడంతో ముగిసింది, పాప మనసులో మాత్రం ఆ అబ్బాయి ఇంకా నేల మీద పడి ఉన్నాడు. పిల్లలను ఎక్కువగా పీడించేది సగంలో వదిలిన సినిమాయే అని నేను చాలాసార్లు గమనించాను. మా ఇంట్లో మూడు రాత్రులుగా విడదీసిన సినిమాను ఎప్పుడూ ఎవరో ఒకరు నవ్వుతున్న చోటే ఆపేదాన్ని. ఆ సినిమాను ఇప్పుడు మళ్లీ పెట్టకండి, పదేళ్లు వచ్చాక తనే అడిగితే అప్పుడు చూద్దురుగాని. ఈ రాత్రి పక్కమీద పడుకోబెట్టి, మిగిలిన కథ నోటితో చెప్పేయండి. అతను ఈగగా మళ్లీ పుట్టాడని, ఆ అక్కకి ఆ సంగతి తెలిసిందని, ఇద్దరూ కలిసి ఆ దుర్మార్గుణ్ణి ఓడించారని చెప్పండి. చెప్పేటప్పుడు మీ బాబును కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఈగ ఎలా గెలిచిందో వాడైతే చేతులు ఊపుతూ, శబ్దాలు చేస్తూ, మీకంటే బాగా చెబుతాడు.